ఉత్తరాల జల్లెడ: మెయిల్ సర్వర్‌లో స్పామ్ ప్లగిన్ల దోషపరీక్ష

పీఠిక

ఉత్తరం రాయడం ఒక కళ అయితే, రాసిన ఉత్తరం చేరవలసిన చేతికి చేరడం ఒక వ్యవస్థ. పూర్వం ఆ వ్యవస్థకు ప్రతినిధి తపాలా జవాను. నేడు విద్యార్థి జీవితాన్ని మలుపు తిప్పగల ఉత్తరాలు అనేకం ఈమెయిల్ రూపంలో ప్రయాణిస్తున్నవి. పరీక్ష హాల్‌టికెట్టు, ఉపకార వేతనపు సమాచారం, ఇంటర్వ్యూ పిలుపు, పై చదువులకు ప్రవేశపత్రం, అన్నీ ఆ దారినే వస్తున్నవి. తపాలా జవాను పొరపాటున ఉత్తరాన్ని పక్కింట వేస్తే, పక్కింటివారు తెచ్చి ఇస్తారు. మెయిల్ సర్వర్ ఒక మంచి ఉత్తరాన్ని 'స్పామ్' అని తీర్పు చెప్పి పక్కకు నెట్టివేస్తే, ఆ సంగతి పంపినవారికి తెలియదు; అందుకోవలసినవారికీ తెలియదు. గడువు తేదీ మాత్రం నిశ్శబ్దంగా దాటిపోతుంది.

అట్లని జల్లెడను తీసివేయడానికి వీలులేదు. తీసివేస్తే అవాంఛిత లేఖల వరదలో మంచి ఉత్తరం కంటికి కనబడక మునిగిపోతుంది. జల్లెడ కన్నాలు మరీ బిగిస్తే, ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొన్న చందమవుతుంది. కనుక మనకు కావలసినది జల్లెడను నమ్మడమో, తిట్టడమో కాదు. అది ఎట్లా పని చేస్తున్నదో తెలిసికొని, తప్పినప్పుడు ఎక్కడ తప్పినదో కనుగొనగల నేర్పు. ఆ నేర్పునకు సంబంధించిన కొన్ని ప్రాథమిక విషయాలను ఈ వ్యాసంలో మేము విద్యార్థుల ముందు ఉంచదలచినాము. లోకంలో విరివిగా వాడుకలో ఉన్న 'స్పామ్‌అసాసిన్' అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఉదాహరణగా గ్రహిస్తున్నాము. ఇతర జల్లెడల స్వరూపం కొంత భిన్నమైనా, దోషాలను వెదకే పద్ధతి చాలవరకు ఒక్కటే.

స్పామ్ పూర్వకథ

'స్పామ్' అనేది అమెరికాలో 1937లో అమ్మకానికి వచ్చిన ఒక డబ్బా మాంసపు పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో మాంటీ పైథాన్ బృందం ప్రదర్శించిన హాస్య నాటికలో, హోటలులో దాదాపు ఏ వంటకం అడిగినా ఆ మాంసం తప్పదు. ఆ మాటే పదేపదే వినబడి తక్కిన సంభాషణనంతా మింగివేస్తుంది. అడగకుండానే వచ్చిపడి, అవసరమైన మాటను వినబడనీయని సందేశాలకు ఆ పేరు అట్లా స్థిరపడినది.

పేరు తరువాత వచ్చినదే కాని వస్తువు పాతది. 1978 మే 3వ తేదీన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన గారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ, నాటి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే సందేశం పంపినాడు. వాణిజ్య ప్రయోజనంతో మూకుమ్మడిగా పంపిన తొలి ఈమెయిల్‌గా దానిని పేర్కొంటారు. అంతకుముందే, 1975 నవంబరులో, జాన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు అక్కరలేని సందేశాలను ఎంపిక చేసి నిరాకరించే ఏర్పాటు కంప్యూటర్లకు లేదని ఒక చిన్న పత్రంలో హెచ్చరించి ఉన్నాడు. ఆ పోస్టెలే 1982లో ఈమెయిల్ రవాణాకు ఎస్‌ఎంటీపీ అనే నియమావళిని రూపొందించినాడు. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల కోసం ఏర్పడిన ఆ విధానంలో, పంపినవాని పేరు నిజమా కాదా అని అడిగే ఏర్పాటు లేదు. కవరు మీద 'ఫ్రం' అడ్రసు ఎవరైనా ఏమైనా రాయవచ్చునుగదా; ఇదీ అంతే. ఆ లోటును పూరించడానికి ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే ధ్రువీకరణ పద్ధతులు 2006 నుండి 2015 వరకు ఒకటొకటిగా ప్రచురితమైనవి. అయినా సరైన సంతకంతో వచ్చే స్పామ్ కూడ కలదు గనుక జల్లెడ అవసరం తీరలేదు.

జల్లెడ నిర్మాణం

స్పామ్‌అసాసిన్‌ను జస్టిన్ మేసన్ 2001లో వెలువరించినాడు. ఇది పెర్ల్ భాషలో రాయబడినది. 2004లో అపాచీ సంస్థ ఆశ్రయానికి చేరినది. అదే సంవత్సరం వచ్చిన 3.0 సంచికతో దీనికి ప్లగిన్ పద్ధతి ఏర్పడినది. ప్లగిన్ అంటే మూల యంత్రాన్ని తాకకుండా పక్కనుంచి తగిలించుకొనే అదనపు భాగం. ఒక ప్లగిన్ బయటి నిషేధ జాబితాలను సంప్రదిస్తుంది. మరొకటి పంపిన సర్వర్ సంతకాన్ని పరీక్షిస్తుంది. ఇంకొకటి పదాల సంభావ్యతను లెక్కిస్తుంది. వేరొకటి ఉత్తరం ఏ భాషలో ఉన్నదో ఊహిస్తుంది.

ఈ యంత్రం చేసే పనిని న్యాయస్థానంతో పోల్చవచ్చును. ప్రతి నియమమూ ఒక సాక్షి. ఉర్దూ విద్యార్థులు 'గవాహ్' అనే మాటతో దీనిని సులువుగా గుర్తుంచుకొనగలరు. ఒక సాక్షి 'విషయపు పంక్తి అంతా పెద్ద అక్షరాలలో ఉన్నది' అంటాడు. మరొక సాక్షి 'ఈ ఉత్తరం వచ్చిన చిరునామా నిషేధ జాబితాలో ఉన్నది' అంటాడు. ప్రతి సాక్ష్యానికి కొన్ని మార్కులు. అనుమానం పెంచే సాక్ష్యానికి కూడిక, నమ్మకం పెంచే సాక్ష్యానికి తీసివేత. చివరకు వచ్చిన మొత్తం నిర్ణీత పరిమితిని చేరితే ఆ ఉత్తరం స్పామ్. మనం మార్చనంతవరకు ఆ పరిమితి 5 మార్కులు.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన ముఖ్యాంశం ఒకటున్నది. స్పామ్‌అసాసిన్ తనంత తాను ఏ ఉత్తరాన్నీ చించివేయదు. మార్కులు వేసి, ముద్ర కొట్టి, తిరిగి మెయిల్ సర్వర్‌కు అప్పగిస్తుంది. ఆ ముద్రను చూచి ఉత్తరాన్ని జంక్ అరలో వేయడమా, తిప్పికొట్టడమా, మాయం చేయడమా అనేది సర్వర్ నిర్వాహకుడు చేసే నిర్ణయం. తీర్పు యంత్రానిది, శిక్ష మనిషిది. ఉత్తరం పోయినప్పుడు ఈ రెండింటిలో దోషం ఎక్కడ ఉన్నదో మొదట వేరుచేసికొనాలి.

దోషనిర్ణయ క్రమం

వైద్యుడు రోగిని చూడగానే మందు రాయడు. నాడి చూస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు. ఉత్తరాలు పోతున్నవని ఫిర్యాదు రాగానే పరిమితిని 5 నుండి 8కి పెంచడం, స్పామ్ ఎక్కువైనదని 3కు దించడం నాడి చూడకుండా మందు వేయడం వంటిది. ఈ క్రింది ఆరు ప్రశ్నలను వరుసగా వేసుకొంటే చాలవరకు దోషాలు బయటపడతవి.

1. ఉత్తరం అసలు జల్లెడలో పడినదా?

ప్రతి ఈమెయిల్‌కు మనకు సాధారణంగా కనబడని శీర్షభాగం ఉంటుంది. దానిని హెడర్ అంటారు. జల్లెడ గుండా వచ్చిన ఉత్తరంలో 'ఎక్స్-స్పామ్-స్టేటస్' అనే పంక్తి చేర్చబడి ఉంటుంది. ఆ పంక్తి లేకుంటే, దానిని మధ్యలో ఎవరూ తొలగించకపోతే, ఆ ఉత్తరాన్ని జల్లెడ చూడనే లేదన్నమాట. అప్పుడు నియమాలను సవరించి ప్రయోజనం లేదు; సర్వర్‌కూ జల్లెడకూ మధ్యనున్న తోవను పరీక్షించాలి.

కొన్ని ఉత్తరాలకు ముద్ర ఉండి కొన్నింటికి లేకపోతే, రెండు కారణాలను మొదట అనుమానించాలి. ఉత్తరాన్ని జల్లెడకు అందించే 'స్పామ్‌సీ' అనే చిన్న ప్రోగ్రాము, వేరుగా చెప్పనంతవరకు, 500 కిలోబైట్లకు మించిన ఉత్తరాలను పరీక్షించకుండానే వదలివేస్తుంది. అదీగాక, జల్లెడ నడిపే 'స్పామ్‌డీ' అనే సేవకుడు పలకకపోతే, ఉత్తరం ఆగిపోరాదనే సదుద్దేశంతో దానిని ఉన్నదున్నట్లు ముందుకు పంపుతుంది. అంటే సేవకుడు పడిపోయినా ఉత్తరాలు వస్తూనే ఉంటవి. కాపలా మాత్రం ఉండదు.

తోవ సరిగా ఉన్నదో లేదో తేల్చడానికి 'జీట్యూబ్' అనే 68 అక్షరాల పరీక్షా వాక్యం ఒకటి కలదు. దానిని ఉత్తరంలో పెట్టి పంపితే, జల్లెడ ఆ ఉత్తరానికి 1000 మార్కులు వేయాలి. వేయకపోతే తోవలోనే దోషం.

2. ఏయే సాక్షులు పలికినారు?

ముద్ర ఉన్నట్లయితే దానిని సాంతం చదవాలి. వచ్చిన మార్కులు ఎన్ని, పరిమితి ఎంత, ఏయే నియమాలు వర్తించినవి అన్నీ అందులోనే ఉంటవి. 'మా ఉత్తరాన్ని స్పామ్ అన్నది' అనేది ఫిర్యాదు మాత్రమే. 'మా ఉత్తరానికి 6.1 మార్కులు వచ్చినవి, అందులో 3.5 పదాల లెక్క వలన, తక్కినవి నిషేధ జాబితా వలన' అనేది దోషనిర్ణయానికి నాంది. ఒక్క ఉత్తరాన్ని చూచి నిర్ణయించక, తప్పుగా తీర్పు పొందిన నాలుగైదు ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చూడడం మంచిది. అన్నింటిలోనూ కనబడే సాక్షి ఎవడో అతడినే ముందుగా ప్రశ్నించాలి.

3. సాక్షులందరూ కొలువులో ఉన్నారా?

ప్లగిన్లను పిలిచే పంక్తులు '.ప్రీ' అనే తోకగల ఫైళ్లలో ఉంటవి. పంక్తి ముందు 'హాష్' గుర్తు ఉంటే ఆ ప్లగిన్ పిలువబడదు. ప్లగిన్‌కు కావలసిన పెర్ల్ భాగం యంత్రంలో లేకపోయినా అది పనిచేయదు. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. అనేక నియమాలు 'ఫలానా ప్లగిన్ ఉంటేనే' అనే షరతు మధ్య రాయబడి ఉంటవి. ప్లగిన్ లేకపోతే ఆ నియమాలు మౌనంగా దాటవేయబడతవి. దోషం కేకలు వేయదు. సాక్షి రాలేదని ఎవరూ చెప్పరు. మార్కులు మాత్రం తక్కువ వస్తవి.

దీనికి మందు రెండు విధాలు. మొదటిది 'లింట్' పరీక్ష. స్పామ్‌అసాసిన్ ఆదేశానికి లింట్ అనే మాటను జోడించి నడిపితే, అమరికలలోని అక్షరదోషాలను, అర్థంకాని పంక్తులను చూపుతుంది. ఏమీ పలకకపోతే వ్యాకరణం సరిగా ఉన్నట్లు. రెండవది 'డీబగ్' పరీక్ష. ఒక ఉత్తరాన్ని ఫైలుగా దాచి, డీబగ్ గుర్తుతో జల్లెడకు అందిస్తే, ఏ ప్లగిన్ లేచినది, ఏది లేవలేదు, ఏ ప్రశ్న ఎవరిని అడిగినది, అడుగడుగునా వివరంగా రాస్తుంది. ఆ పాఠం పొడవుగా ఉంటుంది. చదివే ఓపిక ఉన్నవారికి అదే గురువు.

అమరిక మార్చిన తరువాత స్పామ్‌డీని తిరిగి ప్రారంభించాలని మరువరాదు. నియమాలను కొత్తగా తెచ్చే 'ఎస్‌ఏ-అప్‌డేట్' విషయంలోనూ ఇంతే. తెచ్చిన నియమాలు డిస్కు మీద ఉన్నంత మాత్రాన అమలులోకి రావు. మరొక సూక్ష్మమేమంటే, ఆ ప్రోగ్రాము కొత్త నియమాలు దిగుమతి అయితే సున్న అని, కొత్తవి లేకపోతే 1 అని జవాబిస్తుంది. సున్న కానిదంతా వైఫల్యమని అలవాటుగా భావించేవారు ఈ ఒకటిని చూచి లేని జబ్బుకు వైద్యం మొదలుపెడతారు.

4. బయటి సాక్షుల మాట వినబడుతున్నదా?

నిషేధ జాబితాలను సంప్రదించడం డీఎన్‌ఎస్ ద్వారా జరుగుతుంది. ఉత్తరం 192.0.2.25 అనే చిరునామా నుండి వచ్చిందనుకొందాం. ఆ అంకెలను తిరగవేసి, 25.2.0.192 అని రాసి, దాని చివర జాబితా పేరు తగిలించి ప్రశ్నిస్తారు. '127'తో ఆరంభమయ్యే జవాబు వస్తే జాబితాలో ఉన్నట్లు. జవాబు లేకపోతే లేనట్లు.

సర్వర్ తన ప్రశ్నలను అందరూ వాడే బహిరంగ డీఎన్‌ఎస్ సేవ ద్వారా పంపితే చిక్కు వస్తుంది. వేలాది సర్వర్ల ప్రశ్నలు ఒకే ద్వారం నుండి వచ్చినట్లు కనబడటంతో, పెద్ద జాబితాల నిర్వాహకులు జవాబు నిరాకరిస్తారు. అప్పుడు ముద్రలో 'యూఆర్ఐబీఎల్ బ్లాక్డ్' అనే నియమం పేరు కనబడుతుంది. దానిని చూచి ఉత్తరమే నిషిద్ధమని పొరబడేవారున్నారు. నిజానికి నిషేధం మన ప్రశ్నకు, ఉత్తరానికి కాదు. మన సర్వర్‌లోనే సొంతంగా వెదికి తెచ్చే డీఎన్‌ఎస్ ప్రోగ్రామును నెలకొల్పుకొని, ప్రశ్నలను ఇతరులకు అప్పగించకుండా ఉండటం దీనికి చికిత్స.

జాబితా సజీవంగా ఉన్నదో లేదో తేల్చడానికి చక్కని ఒరగల్లు ఒకటున్నది. సంప్రదాయం ప్రకారం 127.0.0.2 అనే చిరునామా ప్రతి జాబితాలోనూ ఉండాలి, 127.0.0.1 ఏ జాబితాలోనూ ఉండరాదు. 2010లో ఇది పత్రరూపంలో కూడ నమోదైనది. మొదటి ప్రశ్నకు 'లేదు' అని వస్తే జాబితా మనకు వినబడటం లేదు. రెండవ ప్రశ్నకు 'ఉన్నది' అని వస్తే ఆ జాబితా అందరినీ దోషులంటున్నది. దానిని వెంటనే తొలగించాలి.

5. శిక్షణ ఎవరి పేర జరిగినది?

పదాల లెక్క చేసే ప్లగిన్‌కు ఆధారం థామస్ బేస్ అనే పండితుని సంభావ్యతా సిద్ధాంతం. ఆయన మరణానంతరం 1763లో అది వెలుగు చూచినది. 2002లో పాల్ గ్రాహం రాసిన వ్యాసం వలన దీనిని స్పామ్‌కు అన్వయించడం బాగా ప్రచారంలోకి వచ్చినది. గణితం ఎరిగిన విద్యార్థుల కొరకు ఒక కల్పిత లెక్కను చూపుతున్నాము.

200 స్పామ్ ఉత్తరాలు, 200 మంచి ఉత్తరాలు మన వద్ద ఉన్నవనుకొందాం. 'లాటరీ' అనే మాట స్పామ్‌లో 40 ఉత్తరాలలోనూ, మంచివాటిలో 2 ఉత్తరాలలోనూ ఉన్నది. ఆ మాట స్పామ్ వైపు 20కి 1 చొప్పున మొగ్గుతుంది. 'హాల్‌టికెట్' అనే మాట స్పామ్‌లో ఒక్క ఉత్తరంలో, మంచివాటిలో 60 ఉత్తరాలలో ఉన్నది. అది 60కి 1 చొప్పున మంచి వైపు మొగ్గుతుంది. రెండు మాటలూ ఉన్న ఉత్తరం వస్తే, 20ని 60తో భాగించగా స్పామ్‌కు 1, మంచికి 3 పాళ్లు. అంటే అది స్పామ్ అయ్యే సంభావ్యత నూటికి 25 మాత్రమే. 'లాటరీ' అన్న మాట ఉన్నంత మాత్రాన ఉత్తరం దోషి కాదని యంత్రం గ్రహించినది. స్పామ్‌అసాసిన్ వాడే కూర్పు పద్ధతి ఇంతకంటె సూక్ష్మమైనది. మూలభావం మాత్రం ఇదే.

ఈ ప్లగిన్ కనీసం 200 స్పామ్, 200 మంచి ఉత్తరాలు నేర్చుకొనేవరకు నోరు విప్పదు. 'శిక్షణ ఇచ్చినాము, అయినా పలకడం లేదు' అనే ఫిర్యాదుకు తరచు కారణం ఇదే. ఉభయ పక్షాల ఉత్తరాలనూ నేర్పాలి. స్పామ్‌ను మాత్రమే నేర్పి మంచిని నేర్పకపోతే, దొంగలను మాత్రమే చూపి ఊరిజనాన్ని చూపని కాపలాదారుతో సమానం.

అంతకంటె మోసకరమైన దోషం మరొకటున్నది. నిర్వాహకుడు 'రూట్' అనే ప్రధాన ఖాతాతో శిక్షణ ఇస్తాడు. జల్లెడ వేరొక ఖాతా పేర నడుస్తుంది. ఎవరి పదకోశం వారిదే కావటం వలన, నేర్చినది ఒకరు, పరీక్ష రాసేది మరొకరు అవుతారు. 'ఎస్‌ఏ-లెర్న్' అనే ఆదేశంతో పదకోశపు లెక్కలను చూచి, జల్లెడ నడిచే ఖాతా పేరనే ఆ లెక్కలున్నవా అని నిర్ధారించుకొనాలి. డీబగ్ పరీక్షను కూడ ఆ ఖాతా పేరనే జరపాలి.

మూడవది తప్పు శిక్షణ. జల్లెడ తనంత తాను నేర్చుకొనే ఏర్పాటు కూడ ఉన్నది. మామూలు అమరికలో 0.1కి తక్కువ మార్కులు వచ్చిన ఉత్తరాన్ని మంచిదిగా, 12 లేక అంతకు మించి వచ్చినదానిని స్పామ్‌గా అది గ్రహిస్తుంది. నాలుగవ ప్రశ్నలో చెప్పినట్లు బయటి సాక్షులు మూగవోయిన రోజులలో స్పామ్‌కు కూడ తక్కువ మార్కులే వస్తవి. అవి మంచి ఉత్తరాలుగా పదకోశంలో చేరతవి. చదవవేస్తే ఉన్న మతి పోయినదన్న సామెత యంత్రానికీ వర్తిస్తుంది. అట్టి స్థితిలో చెడిన పదకోశాన్ని తుడిచి, మనిషి కంటితో ఏరిన ఉత్తరాలతో మొదటినుండి నేర్పడమే మేలు.

6. ఇల్లు ఏది, వీధి ఏది?

ఉత్తరం అనేక సర్వర్ల చేతులు మారి వస్తుంది. వాటిలో మన నమ్మకానికి పాత్రమైనవి ఏవో జల్లెడకు చెప్పాలి. చెప్పకపోతే అది ఊహించుకొంటుంది. సర్వర్ లోపలి చిరునామాతో, గోడ వెనుక ఉన్నప్పుడు ఆ ఊహ తప్పవచ్చును. అప్పుడు వీధిలోని స్పామ్‌కు 'అంతా మనవాళ్లే' అనే నియమం క్రింద మార్కులు తగ్గుతవి. లేదా మన సొంత మనిషి ఇంటినుండి రాసిన ఉత్తరానికి మార్కులు పెరుగుతవి. నమ్మదగిన చిరునామాలను స్థానిక అమరికల ఫైలులో స్పష్టంగా రాయడమే దీనికి పరిష్కారం.

చరిత్ర చెప్పిన రెండు పాఠాలు

పై సూత్రాలు కేవలం శాస్త్రచర్చ కాదనడానికి రెండు సంఘటనలు చాలును.

ఓఆర్‌డీబీ అనే నిషేధ జాబితా ఒకటుండేది. ఎవరి ఉత్తరాన్నైనా అడ్డులేకుండా ముందుకు పంపే సర్వర్లను అది నమోదు చేసేది. 2006 డిసెంబరులో అది మూతబడినది. మూతబడిన సంగతి ప్రకటించినా, అనేక సర్వర్లు దానిని అడగడం మానలేదు. ఎవరూ తమ అమరికలను తెరచి చూడలేదు. 2008 మార్చి 25న ఆ జాబితా అడిగిన ప్రతి చిరునామానూ 'ఉన్నది' అనడం మొదలుపెట్టినది. దానిని నమ్ముకొన్న సర్వర్లు వచ్చిన మంచి ఉత్తరాలను కూడ తిప్పికొట్టినవి. ఏడాదికి పైగా మౌనంగా ఉన్న పాత పంక్తి ఒక్కటి ఇంత పని చేసినది.

రెండవది స్పామ్‌అసాసిన్‌లోనే జరిగినది. తేదీని సుదూర భవిష్యత్తుకు మార్చి పంపే స్పామ్‌ను పట్టడానికి ఒక నియమం ఉండేది. 2010 మొదలు 2099 వరకు గల ఏ సంవత్సరమైనా అసంభవమని అది భావించేది. ఆ నియమం రాసిన నాటికి 2010 దూరంగా ఉన్నది. కాలం ఆగదుగదా! 2010 జనవరి 1 రాగానే, సరైన తేదీగల ప్రతి ఉత్తరమూ ఆ సాక్షి కంటికి అనుమానాస్పదమైనది. ఆ నియమానికి చాలా అమరికలలో 3 మార్కులకు పైగా ఉండేవి. పరిమితి 5 మాత్రమే కనుక, మరేదైనా చిన్న కారణం తోడైతే చాలు, కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు కూడ స్పామ్ అయినవి. దిద్దుబాటు అంతకుముందే అభివృద్ధి దశలోని సంచికలో చేసి ఉన్నారు; వాడుకలో ఉన్న సంచికకు మాత్రం చేరలేదు. ఆ రోజే ఎస్‌ఏ-అప్‌డేట్ ద్వారా సవరణను అందించినారు. నియమాలను క్రమం తప్పక తెచ్చుకొనేవారికి కష్టం త్వరలో తీరినది, తెచ్చుకొననివారికి తీరలేదు.

ఈ రెండు ఘటనలలోనూ యంత్రం చెడలేదు. తనకు చెప్పినదే అది చేసినది. చెప్పినవారు చెప్పి మరచిపోయినారు. జల్లెడ దోషాలలో తెలివితక్కువ వలన వచ్చేవి కొన్ని, ఏమరుపాటు వలన వచ్చేవి అనేకం అని మా అభిప్రాయం.

తెలుగు, ఉర్దూ ఉత్తరాల సంగతి

మన కళాశాల వంటి చోట ఉత్తరాలు మూడు భాషలలో నడుస్తవి. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి సాధారణంగా రెండు, తెలుగు అక్షరసంకేతానికి మూడు బైట్లు పడతవి. ఇట్టి ఉత్తరాలు రవాణాలో చెడకుండా ఉండటానికి తరచు 'బేస్64' అనే ముసుగు వేసికొని వస్తవి. ఆ ముసుగులో మూడు బైట్లు నాలుగు ఇంగ్లీషు అక్షరాలవుతవి. అంటే ఒక్క 'క' అక్షరం నాలుగు అక్షరాల గుంపుగా మారి ప్రయాణిస్తుంది. ఇది తప్పు కాదు, అవసరం. కాని స్పామర్లు కూడ మాటలను దాచడానికి ఈ ముసుగునే వాడతారు. ముసుగు ఉంటే చాలు మార్కులు వేయమని ఎవరైనా స్థానికంగా నియమం రాస్తే, ఆ దెబ్బ మొదట తెలుగు, ఉర్దూ ఉత్తరాలకే తగులుతుంది.

'టెక్స్ట్‌క్యాట్' అనే భాషా ప్లగిన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అంగీకృత భాషల పట్టికలో ఇంగ్లీషును మాత్రమే ఉంచితే, వేరొక భాషలో ఉన్నదని ఆ ప్లగిన్ భావించిన ప్రతి ఉత్తరానికి మార్కులు పెరుగుతవి. ఎక్కడినుండో తెచ్చిన అమరికను యథాతథంగా దించుకొనే సంస్థలు ఈ పంక్తిని తప్పక చూచుకొనాలి. 2022 డిసెంబరులో వచ్చిన స్పామ్‌అసాసిన్ 4.0 సంచికలో యూనికోడ్ అక్షరాల నిర్వహణ ఎంతో మెరుగుపడినది. ఇంకను 3వ శ్రేణి సంచికతో కాలం గడుపుతున్నవారు మారడానికి ఇదొక్కటే చాలిన కారణం.

అన్నింటికంటె ముఖ్యం శిక్షణ. మంచి ఉత్తరాల నమూనాలో ఇంగ్లీషు ఉత్తరాలు మాత్రమే ఉంటే, తెలుగు మాట, ఉర్దూ మాట జల్లెడకు అపరిచితులే. మన భాషలోని నిజమైన ఉత్తరాలను దానికి చూపవలసినది మనమే. మన బదులు మరొకరు చూపరు.

సంస్థల బాధ్యత

పాలకవర్గం వారి సముఖానికి నాలుగు సూచనలు సవినయంగా మనవి చేస్తున్నాము. మొదటిది, స్పామ్ అని తేలిన ఉత్తరాన్ని మాయం చేయరాదు. జంక్ అరలో ఉంచాలి. లేదా అందుకొనేటప్పుడే తిరస్కరించి పంపినవారికి ఆ సంగతి తెలిసేట్లు చేయాలి. అంగీకరించి, ఆపై నిశ్శబ్దంగా పారవేయడం అన్నింటిలోకి హానికరం. రెండవది, నెలకొకసారి జంక్ అరను ఒక బాధ్యతగల ఉద్యోగి పరిశీలించి, తప్పుగా పడిన ఉత్తరాలను జల్లెడకు తిరిగి నేర్పాలి. మూడవది, వాడుకలో ఉన్న నిషేధ జాబితాలను పైన చెప్పిన ఒరగల్లుపై ఏడాదికి రెండుసార్లైనా గీచి చూడాలి. నాలుగవది, అమరికలో చేసిన ప్రతి మార్పునూ, చేసిన తేదీతో, కారణంతో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. మనిషి బదిలీ అయినా పుస్తకం ఉంటుంది.

సొంత సర్వర్ లేని విద్యార్థికి సైతం ఇందులో పాఠం ఉన్నది. దరఖాస్తు పంపిన ప్రతిసారీ, జవాబు రావలసిన రోజులలో జంక్ అరను కూడ తెరచి చూడాలి. అందులో మంచి ఉత్తరం కనబడితే, చదివి ఊరకుండక 'ఇది స్పామ్ కాదు' అనే మీట నొక్కాలి. ఆ నొక్కడం ఒక సాక్ష్యం. జల్లెడకు మంచిచెడులు నేర్పే సాక్ష్యాలలో అదీ ఒకటి.

ముగింపు

ఒక స్పామ్ ఉత్తరం జల్లెడను దాటి వస్తే మనకు కలిగే నష్టం సాధారణంగా ఒక క్షణపు విసుగు. ప్రమాదకరమైన మోసలేఖ అయితే నష్టం ఎక్కువే. అయినా అది కంటికి కనబడుతుంది, దానిని అనుమానించే అవకాశం మనకు ఉంటుంది. ఒక మంచి ఉత్తరం జల్లెడలో చిక్కి ఆగిపోతే ఆ అవకాశమే ఉండదు. ఒక పేద విద్యార్థికి రావలసిన ఉపకార వేతనపు పిలుపు అట్లా ఆగిపోతే, అతడు తన అదృష్టాన్ని నిందించుకొంటాడే కాని సర్వర్‌ను నిందించడు. ఫిర్యాదు రాలేదు గనుక దోషం లేదనుకొనడం పొరపాటు. ఈ రంగంలో పెద్ద దోషాలకు నోరు ఉండదు.

కనుక కంప్యూటరు శాస్త్రం అభ్యసిస్తున్న మన విద్యార్థులు ఈ విషయాన్ని చిన్నదిగా భావింపక, ఒక ఉత్తరపు హెడర్‌ను తెరచి పంక్తి పంక్తి చదవడంతో అభ్యాసం ప్రారంభించగలరని ఆశిస్తున్నాము. ఏ సాక్షి ఏమి చెప్పినాడో, ఎందుకు చెప్పినాడో విచారించి తెలిసికొన్న తరువాతనే అమరిక మీద చేయి వేయాలి. విచారణ లేని తీర్పు మనుషుల విషయంలో ఎంత అన్యాయమో, ఉత్తరాల విషయంలోనూ అంతే అన్యాయం.